ఎడమ మెదడుకు ఎంపీసీ, కుడి మెదడుకు డ్రాయింగు

పాతకాలంలో పిల్లవాడి భవిష్యత్తు తెలుసుకోవాలంటే పుట్టిన ఘడియ, నక్షత్రం, పాదం చెప్పాల్సి వచ్చేది. ఇప్పుడంత శ్రమ లేదు. పది వేళ్లూ స్కానర్ మీద ఆనిస్తే చాలు, రంగురంగుల రిపోర్టు చేతికొస్తుంది. మీవాడికి ఎడమ మెదడు ఇన్ని పాళ్లు, కుడి మెదడు ఇన్ని పాళ్లు. ఎడమ ఎక్కువైతే ఎంపీసీ, కుడి ఎక్కువైతే డ్రాయింగు, డాన్సు. దీని పేరు డీఎంఐటీ. పూర్తిగా పలకాలంటే డెర్మటోగ్లిఫిక్స్ మల్టిపుల్ ఇంటెలిజెన్స్ టెస్ట్. ఇంత పొడుగు పేరున్నది అబద్ధమెట్లా అవుతుందని ఫీజు కట్టేవాళ్లు కడుతూనే ఉన్నారు. రేపు మా సత్తెనపల్లి తాలూకా సెంటర్‌లో ఎవరైనా బల్ల వేసుకుని కూర్చున్నా ఆశ్చర్యపోయేవాళ్లుండరు. వేలి కొసల మీద శంఖాలెన్ని, చక్రాలెన్ని అని లెక్కపెట్టి రాజయోగం చెప్పే విద్య మనకు కొత్తా ఏమిటి? అప్పుడు లాప్‌టాప్ లేదు, అంతే తేడా.

ఈ శాస్త్రానికి ఒక సిద్ధాంతం కూడా ఉంది. పిండదశలో మెదడూ, వేలి చర్మమూ ఒకే పొర నుంచి పుడతాయి కనుక వేలిని చూస్తే మెదడు తెలుస్తుందట. ఒకే పొర నుంచి పుట్టే మాట నిజమే. అయితే జుట్టు, గోళ్లు, పంటి మీది పింగాణీ కూడా ఆ పొర పిల్లలే. ఆ లెక్కన మంగలి షాపులో రోజూ సాయంత్రం చీపురుతో ఊడ్చి పారేసేది సాక్షాత్తూ ఊరి మేధస్సు.

అసలు వేలిముద్ర సత్తా ఎంతో మా పక్క పల్లెల్లో అడగండి. పత్తి తీసి, మిరపకాయలు కోసి వేళ్లు అరిగిన ఆడవాళ్లను రేషన్ షాపులో మిషన్ గుర్తుపట్టదు. తుడిచి పెట్టమ్మా, చూపుడువేలు పెట్టు, ఆ చెయ్యి పెట్టు అని డీలరు విసుక్కుంటాడు. ఎదురుగా నిలబడ్డ మనిషి ఎవరో తేల్చలేని వేలిముద్ర, ఆమె మనవడు సివిల్స్ రాస్తాడో సినిమా తీస్తాడో మాత్రం తేల్చి చెప్పేస్తుంది!

ఎడమ కుడి కథంతా గాలికి పుట్టిందని కాదు. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే వైద్యుడు, మాట పడిపోయిన రోగి చనిపోయాక మెదడు తీసి చూస్తే ఎడమ పక్క ముందు భాగం దెబ్బతిని కనిపించింది. మనలో ఎక్కువమందికి మాట ఎడమ పక్కనే ఉంటుందని తర్వాత గట్టిపడింది. ఇంకో వందేళ్లకు, మందులకు లొంగని మూర్ఛరోగులకు మెదడు రెండు సగాలనూ కలిపే నరాల వంతెనను అమెరికాలో డాక్టర్లు కోసేశారు. ఆ రోగులను రోజర్ స్పెర్రీ, ఆయన శిష్యుడు మైకేల్ గజానిగా పరీక్షించారు. ఎడమ చూపులో మాత్రమే పడేటట్టు బొమ్మ చూపిస్తే అది కుడి మెదడుకు చేరుతుంది. ఏం చూశావయ్యా అంటే రోగి ‘ఏమీ లేదు’ అనేవాడు. ఎడమచేత్తో తడిమి మాత్రం సరిగ్గా ఆ వస్తువునే తీసేవాడు. ఈ పనికి స్పెర్రీకి 1981లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇదంతా వంతెన తెగినవాళ్ల సంగతి. తెగని మన తలల్లో ఆ వంతెన మీద దాదాపు 20 కోట్ల నరాల పోగులు రాత్రింబవళ్లు కబుర్లు మోస్తుంటాయి. 2013లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం వాళ్లు వెయ్యిమందికి పైగా మెదడు స్కాన్లు పరిశీలించారు. ఫలానా పని ఫలానా పక్క ఎక్కువగా జరగడం కనిపించింది కానీ, మొత్తంగా ఎడమ మెదడు మనిషి, కుడి మెదడు మనిషి అనే జాతులు కనిపించలేదు.

‘మరి పొడుపుకథ ఠక్కున విడిపోయే క్షణంలో కుడి కణత దగ్గర చురుకు పెరుగుతుందని 2004లో చూపించారు కదా’ అంటారు కాస్త చదువుకున్న డీఎంఐటీ భక్తులు. చూపించారు. ఆ పరీక్షలో ఇచ్చినవి మాటల చిక్కుముళ్లు. మాటలు ముందే తెలియనివాడికి కుడి కణత ఎంత చురుగ్గా ఉన్నా తట్టేదేముంది?

అంత దూరం ఎందుకు? సత్తెనపల్లి పక్కన చాగంటివారిపాలెంలో పుట్టిన బ్రహ్మానందాన్నే తీసుకోండి. తెలుగు ఎమ్మే చదివి పాఠాలు చెప్పారు కనుక భాష, అంటే ఎడమ. పెన్సిల్‌తో దేవుళ్ల బొమ్మలు గీస్తారు కనుక కుడి. చిన్నప్పుడే ఆయన వేళ్లు స్కానర్ మీద పెట్టించి ఉంటే ప్రింటర్ ఏ పక్కకు తిరగాలో తెలియక ఆగిపోయేది. సినిమావాళ్లు బతికిపోయారు.

అవధానం చూసిన జాతికి ఈ సరుకు అమ్మబోవడం మరీ సాహసం. ఒకాయన సమస్య ఇస్తాడు. ఒకాయన నిషిద్ధాక్షరి పేరుతో అక్షరం అక్షరానికీ అడ్డు తగులుతాడు. ఒకాయన అప్రస్తుత ప్రసంగంతో దారి తప్పిస్తాడు. మధ్యలో ఎవరో గంట కొడుతుంటే ఆ లెక్క తప్పకూడదు. గంటల లెక్క ఎడమ పక్కది, పద్యంలో ఊహ కుడి పక్కది అనుకుందాం. మరి ఆ ఊహను గణంలో ఇమిడ్చి యతి సరిచూసేది ఏ పక్క? తిరుపతి వెంకట కవులంటే జంట కనుక ఒకాయన ఎడమ, ఒకాయన కుడి అని సర్దుకోవచ్చు. ఒంటరిగా అవధానం చేసేవాళ్లకు ఏ రిపోర్టు ఇస్తారు? పాత సైకిల్ చక్రానికి ఇనప పళ్లు బిగించి పత్తిచేలో కలుపు తీసే రైతు కూడా ఏ సగంతో ఆలోచించాలో ఎవరినీ అడగలేదు. కూలి ఖర్చు, సాలు వెడల్పు, పాతసామాను కొట్టు, ఈ మూడూ అతనికి బాగా తెలుసు. కొత్త ఉపాయం అక్కడ పుట్టింది.

ఈ వ్యాపారం నిలబడేది మెదడు మీద మోజుతో కాదు, అది పంచిపెట్టే క్షమాభిక్షతో. మావాడిది కుడి మెదడు అని కాగితం చేతికొచ్చిందంటే, లెక్కలు ఎందుకు రాలేదో లెక్కల మాస్టారు చెప్పక్కర్లేదు. సెక్షన్‌కు ఎంతమందిని కుక్కారో యాజమాన్యం చెప్పక్కర్లేదు. పక్కింటివాళ్లను చూసి ఎంపీసీలో వేసిన తండ్రికీ మనసు కుదుటపడుతుంది. కేసులో ముద్దాయి ఒక్కడే మిగులుతాడు. వాడి వయసు పదహారు, సాక్ష్యం వాడి వేలిముద్రలే.

కాబట్టి డీఎంఐటీ సెంటరు వాళ్లకు ఒక మనవి. మీ రిపోర్టులో ఇంకొక్క గడి చేర్చండి. పిల్లవాడు తనకు తోచిన దారిలో లెక్క చేసి సరైన జవాబే తెస్తే, ‘నేను చెప్పిన స్టెప్పులు ఏవిరా’ అని మార్కులు కోసేది ఏ మెదడో అందులో రాయండి. ఆ వేళ్ల స్కానింగు ఫీజు ఊరంతా చందా వేసుకుని కడతాం.