ఎందుకైనా మంచిది

మా డాక్టరుగారు నన్ను అన్నం మానెయ్యమన్న పదకొండో రోజున భారత ప్రభుత్వం కూడా అదే నిర్ణయానికి వచ్చింది. డాక్టరు నా హెచ్‌బీఏ1సీ 6.2 ఉండటం చూసి భయపడ్డారు. ప్రభుత్వం బియ్యం ధర ఏడాదిలో పదకొండున్నర శాతం పెరగడం చూసి భయపడింది. 2023 జూలై 20న, బాస్మతి కాని తెల్లబియ్యం దేశం దాటకూడదని ఢిల్లీలో ఉత్తర్వు వెలువడింది. ఇక్కడ డాలస్ శివార్లలో, క్వినోవాలో మజ్జిగ పోసుకుని కళ్ళు మూసుకుంటే పెరుగన్నంలాగే ఉంటుందని పదకొండు రోజులుగా నన్ను నేను నమ్మించుకుంటున్నవాణ్ణి, వాట్సాప్‌లో ఆ వార్త చూసి చెప్పులేసుకున్నాను.

"ఎక్కడికండీ?" అంది మా ఆవిడ.

"బియ్యానికి."

"మీరు తినట్లేదుగా?"

"తినకపోతేనేం, ఇంట్లో ఉండాలిగా. ఎందుకైనా మంచిది."

కొట్టు ముందు తిరనాళ్ళలో ఎడ్లబళ్ళు విప్పినట్టు అడ్డదిడ్డంగా కార్లు. లోపల బియ్యం వరస దగ్గర ఒకాయన అలమర ఎక్కి పైనుంచి బస్తాలు అందిస్తున్నాడు. ఆయన నాకు తెలుసు. మా కంపెనీలోనే మరో విభాగం. మామూలు రోజుల్లో మీటింగుల్లో కుర్చీలోంచి లేవడానికే బద్ధకిస్తాడు. 2020 మార్చిలో అమెరికావాళ్ళు టాయిలెట్ పేపరు కోసం కొట్టుకుంటుంటే, చెంబు సంస్కృతికి వారసులం కాబట్టి మనం ఎంత నవ్వుకున్నాం! ఆ నవ్విన మొహాలన్నీ ఇప్పుడు ఒకే వరసలో, ఒక్కో ఇరవై పౌన్ల బస్తాని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని నిలబడ్డాయి. వరసలో నాకంటే నలుగురు ముందు మా డాక్టరుగారు ఉన్నారు. ఇద్దరం ఒకరినొకరు చూశాం. ఆయన పప్పుల వైపు తిరిగారు, నేను అప్పడాల వైపు తిరిగాను.

కొట్టాయన రెండు నిబంధనలు రాసి అంటించాడు. ఇంటికి ఒక బస్తా. అదీ ముప్ఫై డాలర్ల వేరే సరుకు కొన్నవాళ్ళకే. వారం కిందట ఇరవై రెండు డాలర్లున్న బస్తా ముప్ఫై ఆరు పలికింది. ఇక ముప్ఫై డాలర్లకి ఏం కొనాలి? వంటసామాన్ల అలమరలు అప్పటికే ఊడ్చేశారు. మిగిలింది పూజాసామగ్రి వరస ఒక్కటే. అలా ఆ సాయంత్రం మా ఇంటికి ఒక బస్తా సోనా మసూరి, పద్నాలుగు డబ్బాల హారతి కర్పూరం వచ్చాయి.

ఆ వేసవిలో మా అమ్మ మా దగ్గరే ఉంది. రేపల్లె దగ్గర పల్లెటూరు మాది. అక్కడ టమాటా కిలో నూట యాభై దాటిన సమయంలో తను అమెరికాలో ఉండటం ఆవిడకి లోపల్లోపల మహా గర్వంగా ఉంది. మర్నాడు ఆవిణ్ణి వేరే కొట్టుకి తీసుకెళ్ళాను. ఉద్దేశం ఏమిటంటే, నేనొక ఇల్లు, ఆవిడొక ఇల్లు. కారులో పాఠం చెప్పాను. "అమ్మా, నువ్వు నాకు తెలియనట్టు ఉండు, నా వెనకాల నిలబడకు." ఆవిడ తలూపింది. తీరా గల్లాపెట్టె దగ్గర ఆ కుర్రాడు తెలుగువాడు కావడం, "మామ్మగారూ, మీరెక్కడుంటారండీ?" అనడం, ఆవిడ నా వైపు చూపించి "వీడి దగ్గరే నాయనా, మేమంతా ఒకటే ఇల్లు, పాపం దేవుడి దయవల్ల ఇంకా కలిసే ఉన్నాం" అనడం జరిగిపోయాయి. వెనకాల వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. నాకు మాత్రం ఒక్క బస్తాయే ఇచ్చారు.

"అబద్ధం చెప్పమని చెప్పలేదేంరా?" అంది బయటికొచ్చాక. తర్వాత ఒక్క క్షణం ఆగి, "అయినా ఇదేం కరువురా? కొట్టు నిండా తిండే ఉందిగా!" అంది.

అదే చిక్కు. కరువు ఎక్కడా లేదు. డాలస్ నుంచి ఇంచుమించు మూడు గంటలు కారు నడిపితే ఆర్కన్సా వస్తుంది. అమెరికాలో పండే బియ్యంలో ఇంచుమించు సగం ఆ ఒక్క రాష్ట్రానివే. మా టెక్సస్‌లో కూడా హ్యూస్టన్ చుట్టుపక్కల వరి పండిస్తారు. అమెరికన్ కొట్లలో ఆ బియ్యం బస్తాలకి బస్తాలు పలకరించేవాడు లేక పడున్నాయి. దేశాల మధ్య అమ్ముడయ్యే బియ్యంలో నూటికి నలభై పాళ్ళు భారతదేశానివే కాబట్టి ఆ ఉత్తర్వుకి నిజంగా గుండె జారాల్సింది బెనిన్, మడగాస్కర్ లాంటి చోట్ల రోజుకూలి మీద బతికేవాళ్ళకి. మాకు జారింది గుండె కాదు, నాలుక. కానీ ఆ మాట అప్పట్లో ఎవరితోనైనా అంటే జాతి ద్రోహం కింద లెక్క.

నేనూ అనలేదు. పైగా అమ్మ ముందు ఉపన్యాసం దంచాను. "తాతముత్తాతల నాటినుంచీ మన రక్తంలో ఉన్న బియ్యమమ్మా ఇది!"

"మీ తాత ఈ మసూరి మొహం ఎరుగునా?" అంది అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ. "మా చిన్నప్పుడు అక్కుళ్ళు, కృష్ణకాటుకలు. నెల్లూరు చుట్టాలొస్తే మొలగొలుకులు తెచ్చేవాళ్ళు. ఈ సన్నబియ్యాలు వచ్చింది నీకు నిక్కర్లు పొట్టి అయిపోయాక."

అనుమానం వచ్చి వెతికాను. మా ఇళ్ళలో బీపీటీ అని ముద్దుగా పిలుచుకునే సాంబా మసూరి, అసలు పేరు బీపీటీ 5204, మా ఊరికి కూతవేటు దూరంలో ఉన్న బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో విడుదలైంది. నేను 1975లో విడుదలయ్యాను. నా రక్తంలో అనాదిగా ఉన్న బియ్యం నాకంటే పదకొండేళ్ళు చిన్నది. (అమెరికాలో సోనా మసూరి అని అచ్చేసిన బస్తాలో ఏయే గింజలు కలిసి కాపురం చేస్తుంటాయో, అది వేరే పురాణం.)

అయినా నేను ఆగలేదు. మా ఆవిణ్ణి ఒక కొట్టుకి, కారు నడపడం నేర్చుకుంటున్న మా పదహారేళ్ళ వాణ్ణి ఇంకో కొట్టుకి పంపాను. వాడికి అన్నం పడదు, బరీటో తింటాడు. ఆఖరి బస్తాకి నలభై ఆరు డాలర్లు పోశాను. వారం తిరిగేసరికి గరాజులో నాలుగు బస్తాలు, వంటింట్లో పాతది సగం. అమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని ఆ గుట్టని చూసి ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

"మీ ఇంట్లో నెలకి ఎన్ని బియ్యం అవుతాయిరా?"

నేను మా ఆవిడ వైపు చూశాను. మా ఆవిడ నా వైపు చూసింది. కారు గాలనుకి ఎన్ని మైళ్ళు ఇస్తుందో చెప్పగలను. ఇంటి అప్పు మీద వడ్డీ రెండో దశాంశ స్థానం దాకా చెప్పగలను. మా ఇంట్లో నెలకి ఎన్ని బియ్యం ఉడుకుతాయో ఇద్దరికీ తెలియదు.

మా అమ్మకి ఈ లెక్క గిద్దలతో సహా నోటికొచ్చు. సోల, తవ్వ, మానిక, కుంచం ఆవిడ ఎక్కాలు. సంక్రాంతి దాటాక గాదెలోకి ధాన్యం, తర్వాత కంది, తర్వాత ఎండుమిరప, చింతపండు, వేసవిలో ఆవకాయ. దీన్ని నిల్వ చెయ్యడం అని ఆవిడ ఎప్పుడూ అనలేదు, ఏడాది గ్రాసం అంటుంది. మనిషికెంత, పాలేరుకెంత, తద్దినానికెంత, పండక్కి అల్లుడొస్తే ఎంత, అల్లుడు అలిగి వారం ఉండిపోతే ఎంత, అన్నీ అందులోనే. కందిపప్పుకి ఆముదం పట్టించాలి. చింతపండు గింజ తీసి ఉప్పు చల్లి జాడీకెత్తాలి. బియ్యంలో వేపాకు. కొత్తబియ్యం ముద్దవుతాయి, అరగవు కాబట్టి నిరుటివే వండాలి. అంటే ఆవిడ దగ్గర ఎప్పుడూ ఏడాది సరుకు ముందుండేది. అయినా ఒక్కనాడూ బియ్యం కోసం పరిగెత్తింది లేదు.

"భయపడి దాచింది లేదా ఎప్పుడూ?" అన్నాను.

"ఒక్కసారే," అంది. 1977 నవంబరు 19. దివిసీమని ఉప్పెన ముంచింది. కృష్ణకి ఇవతలి ఒడ్డున మా ఊళ్ళోకీ నీళ్ళొచ్చాయి. గాదెలో ధాన్యం తడిసి ముక్కిపోయింది. రెండేళ్ళవాణ్ణి నన్ను చంకనేసుకుని ఆవిడ రెండు రాత్రులు అటక మీద గడిపింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు, ఏటా ఆశ్వయుజం వచ్చేసరికి అటక మీద ఒక డబ్బా, ఒక కూజా ఎక్కించేది. డబ్బాలో బియ్యం కాదు. అటుకులూ బెల్లమూ.

"బియ్యం ఎందుకు పెట్టలేదు?"

"పొయ్యెక్కడ పెట్టను రా, అటక మీద?" అంది అమ్మ. "సరే, ఇది చెప్పు. ఇంత కొన్నావే, ఇందులో పొయ్యి లేకుండా తినేదేది?"

మా ఆవిడ గట్టిగా నవ్వింది. ఎందుకంటే ఆవిడకి 2021 ఫిబ్రవరి గుర్తొచ్చింది.

అప్పటికి కరోనా పుణ్యమా అని మా ఇంట్లో కందిపప్పే పద్దెనిమిది కిలోలు ఉండేది. బియ్యం సంగతి చెప్పక్కర్లేదు. ఆర్నెల్లు తలుపు తియ్యకపోయినా ఢోకా లేదని మిత్రులకి ఫొటోలు కూడా పంపాను. అప్పుడు టెక్సస్‌కి చలి వచ్చింది. డాలస్‌లో మైనస్ పంతొమ్మిది డిగ్రీలు. రాష్ట్రంలో నలభై లక్షలకి పైగా కరెంటు కనెక్షన్లు చీకట్లో పడ్డాయి, అందులో మాదొకటి. మా పొయ్యి కరెంటుది. కుక్కరు కరెంటుది. మిక్సీ సంగతి సరే. గిన్నెలో బియ్యం పోసుకుని దాని మొహం నేను, నా మొహం అది చూసుకుంటూ కూర్చున్నాం. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని!

రెండో రోజు నాలో భగీరథుడు నిద్రలేచాడు. పెరట్లో గ్యాసు గ్రిల్ ఉంది. ఇంట్లోకి తెచ్చి వెలిగిస్తే పొగకి ప్రాణాలే పోతాయి కాబట్టి మంచులోనే నిలబడి, రెండు కోట్లు, కోతిటోపీ వేసుకుని, దాని మీద ఎసరు పెట్టాను. గ్రిల్ మీద గంజి వార్చిన తెలుగువాడు చరిత్రలో నేనేనేమో. అడుగు మాడింది, పైన పలుకు, మధ్యలో ఒక పొర మాత్రం అన్నం. అది లోపలికి తెచ్చేలోగా చల్లారి, ముద్ద చేస్తే మంచు ముద్దలాగే నిలిచింది. ఫ్రిజ్‌లోవి పాడవుతున్నాయని అందరిలాగే మేమూ పాలూ పెరుగూ బయట మంచులో పెట్టాం. ఆ మూడు రోజులూ మమ్మల్ని బతికించింది రొట్టె ముక్క మీద ఆవకాయ. ఆ ఆవకాయ కూడా అమ్మ పంపిందే.

ఆపత్కాలానికి ఏం దాచుకోవాలో ఈ దేశ ప్రభుత్వం శుభ్రంగా పట్టిక రాసి పెట్టింది. మనిషికి రోజుకి ఒక గాలను నీళ్ళు, వండక్కర్లేని తిండి, కరెంటు లేకుండా డబ్బా మూత తీసే పరికరం. అది అమ్మకి చదివి వినిపించాను. అంతా విని, "అటుకులని రాయలేదా? తెలియదు కాబోలు," అంది జాలిగా.

ఆ ఆగస్టులో ఎండలు నలభై డిగ్రీలు దాటాయి. మా గరాజు ఇటుకల బట్టీ అయింది. అక్టోబరులో రెండో బస్తా విప్పేసరికి గింజలు వాటంతటవే నడుస్తున్నాయి. పురుగు! నేను ఎండలో పొయ్యబోతే అమ్మ కేకేసింది. "ఎండలో పోస్తే నూకవుతుందిరా, నీడన ఆరెయ్యి." వరండాలో దుప్పటి పరిచి, చేటలు లేక పిజ్జా పళ్ళేలతో చెరిగాం. వేపాకు దొరకలేదు, ఎండుమిరపకాయలు వేశాం. మిగిలిన రెండు బస్తాలూ విప్పకుండానే నాలుగు రోజులు ఫ్రీజరులో పెడితే లోపలి పురుగూ గుడ్లూ చస్తాయని చదివి, ఐస్‌క్రీములు తీసేసి వాటిని కుక్కాను. చలికి ఒకసారి నా అన్నం గడ్డకట్టింది కదా, ఇప్పుడు నేనే బుద్ధిపూర్వకంగా గడ్డకట్టించాను. పక్కింటి ముసలాయన కంచె మీంచి తొంగిచూసి, ఇదంతా పిట్టల కోసమా అని అడిగాడు. అమ్మ ఏమన్నాడని అడిగితే చెప్పాను. "మంచి సలహా," అంది.

ఈలోగా కొట్లలో బస్తాలు మళ్ళీ గుట్టలుగా కనిపించసాగాయి. నిషేధం ఎత్తేసింది మరుసటి ఏడాది సెప్టెంబరు 28న. మరి ఈ సరుకు ఎలా వచ్చిందయ్యా అంటే కొట్టాయన నవ్వి, ఆకుకూరలు తాజాగా ఉన్నాయి చూడండి అన్నాడు.

మిగిలిన బియ్యాన్నీ కర్పూరాన్నీ ఒకేసారి వదిలించుకునే ఉపాయం మా ఆవిడకి తట్టింది. కార్తీకమాసంలో సత్యనారాయణ వ్రతం. ముప్ఫై మందికి భోజనాలు. పులిహోర, దద్ధ్యోదనం, చక్కెరపొంగలి, తెల్లన్నం. బియ్యంతో ఏవేవి అవుతాయో అన్నీ. వెళ్ళేటప్పుడు ఆడవాళ్ళకి పసుపు కుంకుమతో పాటు తలా అరడబ్బా కర్పూరం.

మొదట వచ్చిన దంపతులు చేతిలో పూలూ పళ్ళూ లేకుండా వచ్చారు. ఆయన వెనక్కి వెళ్ళి కారు డిక్కీ తెరిచాడు. "వ్రతానికి బియ్యమైతే శుభం కదా వదినగారూ, అందుకని..." ఇరవై పౌన్లు. రెండోవాళ్ళూ అంతే. అలమర ఎక్కినాయన రెండు తెచ్చాడు. భోజనాలయ్యేసరికి గరాజులో ఏడు బస్తాలున్నాయి. అమ్మ వాటిని లెక్కపెట్టి, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది.

అందరికంటే ఆఖరున మా డాక్టరుగారు వచ్చారు, భుజాన బస్తాతో. నాకు నోట మాట రాలేదు. ఆయన దాన్ని జాగ్రత్తగా గుమ్మం పక్కన దించి, చొక్కాకంటిన దుమ్ము దులుపుకుని, గొంతు తగ్గించి అన్నారు.

"మీరు మాత్రం తినకండి. ఊరికే ఉంచుకోండి. ఎందుకైనా మంచిది."