మిలిటరోళ్లకు మనూళ్లో చెప్పే తప్పుడు సలహాలు

ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల పల్లెల నుంచి పట్టాళంలో చేరి, పదిహేనేళ్లో పదిహేడేళ్లో చేసి, ఇనుప పెట్టెతో తిరిగొచ్చిన మనిషికి ఊళ్లో మొదట దొరికేది సలహా. టీ అంగట్లో, పెళ్లి పందిట్లో, సచివాలయం అరుగు మీద ఎవరికి తోచింది వాళ్లు చెప్తారు. చెప్పేవాళ్లకు చెడు చేయాలని ఉండదు. విన్నవాడు మాత్రం గూడు పోగొట్టుకుంటాడు. అలాంటివి కొన్ని రాస్తున్నాను, దయచేసి వినకండి.

"నువ్వు మిలిటరోడివి కదన్నా, గవర్నమెంటే ఇల్లు కట్టిస్తాది." ఈ మాట నమ్మి ఏళ్లకేళ్లు అద్దె ఇంట్లో ఎదురుచూసే వాళ్లున్నారు. మాజీ సైనికుడన్న ఒక్క కారణానికి ఇల్లు కట్టించి ఇచ్చే కేంద్ర పథకం లేదు. కేంద్రీయ సైనిక్ బోర్డు దగ్గర ఉన్నవి చిన్న సాయాలు. నూటికి నూరు శాతం వైకల్యం ఉన్న మాజీ సైనికుడికి, మాజీ సైనికుడి అనాథ కూతురికి ఇంటి మరమ్మతుకు 20 వేలు. యుద్ధంలో భర్త పోయిన ఆడవాళ్లకు, యుద్ధంలో అంగవైకల్యం పొందినవాళ్లకు ఇంటి అప్పు వడ్డీలో సగం, అదీ ఒక పరిమితి లోపల. మిగిలినవాళ్లు అందరితో పాటు ప్రధానమంత్రి ఆవాస్ యోజన (పీఎంఏవై) వరసలో నిలబడాల్సిందే.

అట్లని "పింఛను ఉన్నోడికి ఏ ఇల్లూ రాదు" అనే మాటా నమ్మొద్దు. పల్లెలో అయితే ఇంట్లో ఎవరికైనా నెలకు 15 వేలు దాటి రాబడి ఉంటే పీఎంఏవై గ్రామీణ్‌లో పేరు రాదు, నిజమే. పట్టణ పథకంలో లెక్క వేరు. అక్కడ ఇల్లు కట్టుకునే సాయానికి కుటుంబ ఆదాయం ఏడాదికి 3 లక్షల లోపుండాలి, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. 3 లక్షలంటే నెలకు 25 వేలు. ఆదోని పట్టణంలో అద్దెకుంటున్న సిపాయి పింఛనుదారు ఆ లెక్క వేసుకుని మున్సిపల్ ఆఫీసులో అడగాలి. అడగకుండా ఇంటికి పోవడమే అసలు నష్టం.

అన్నిటికన్నా ఎక్కువ మందిని ముంచింది పట్టా సలహా. "ఆ బీడు నీకేమిటికన్నా, నోటరీ మీద రాసిచ్చెయ్, చేతికి డబ్బొస్తాది." మాజీ సైనికుడికి ప్రభుత్వం ఇచ్చిన డీ పట్టా భూమి అసైన్డ్ భూమే. 1977 నాటి 9వ చట్టం ప్రకారం మామూలుగా అసైన్డ్ భూమి అమ్మకం చెల్లదు, ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు. సైనికులకు ఒక వెసులుబాటు ఉంది. 1993లో వచ్చిన 1117 నంబరు జీఓ ప్రకారం పట్టా ఇచ్చిన పదేళ్ల తర్వాత అమ్ముకోవచ్చు. అయితే ఆ పదేళ్లు నిండకముందే, ఆరో ఏటో ఏడో ఏటో కూతురి పెళ్లి వస్తుంది. వంద రూపాయల స్టాంపు కాగితం మీద సంతకం పడుతుంది. కొన్నవాడు సగం డబ్బిచ్చి, మిగతాది రిజిస్ట్రేషన్ అప్పుడంటాడు. ఆ రిజిస్ట్రేషన్ జరగదు, ఎందుకంటే సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉంటుంది. చివరికి భూమీ పోయింది, సగం డబ్బూ పోయింది, ముసలితనంలో చిన్న ఇల్లు కట్టుకునే దారీ పోయింది. పదేళ్లు నిండేదాకా ఆ భూమిని సొంతంగా సాగు చేసుకుంటూ నిలబెట్టుకోండి, కౌలుకివ్వడం కూడా ఆ చట్టం ఒప్పుకోదు. నిండాక కలెక్టరు నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకుని, అప్పుడు బేరం మాట్లాడండి.

"కమ్యుటేషన్ మొత్తం పెట్టి రెండంతస్తులు వేసెయ్." సైన్యంలో పింఛనులో సగం దాకా ముందే అమ్ముకోవచ్చు. ఆ సగం మళ్లీ చేతికి రావాలంటే 15 ఏళ్లు. నలభై ఏళ్లకే ఊరికొచ్చిన మనిషికి పిల్లల చదువులు ముందున్నాయి. పైగా మన నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు బీటలిస్తుంది. పునాది లోతుగా తీయకుండా పైఅంతస్తు మీద డబ్బు పోస్తే మూడో వేసవికి గోడ మూలల్లో చెయ్యి దూరేంత చీలిక కనిపిస్తుంది. రెండు గదులు, గట్టి పునాది, బేతంచెర్ల బండలు చాలు. ఇల్లు పంచాయతీ పరిధిలో ఉంటే మాజీ సైనికుడికి ఒక ఇంటికి ఆస్తిపన్ను మినహాయింపు ఉంది, అడిగి తీసుకోండి. 2025 మేలో సర్వీసులో ఉన్నవాళ్లందరికీ కూడా దాన్ని ప్రకటించారు.

"కాగితాలెందుకులే, పింఛను పడుతోంది కదా." ఈ మాట విని మోసపోయేది ఇంటి ఆడమనిషి. పీపీఓలో (పింఛను ఉత్తర్వులో) భార్య పేరు లేకుండా భర్త పోతే కుటుంబ పింఛను కోసం నెలల తరబడి తిరగాలి. ఇంటి యజమాని అద్దెకు అన్ని నెలలు ఆగడు. ఈ రోజే స్పర్శ్ (సైనిక పింఛన్ల పోర్టల్) ఖాతా తెరిచి భార్య పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో చూడండి. తేడా ఉంటే రికార్డు ఆఫీసుకు రాయండి.

పింఛను లేని పెద్దవాళ్ల సంగతి వేరు. సర్వీసు పదిహేనేళ్లు నిండకముందే వచ్చేసి, ఇప్పుడు మట్టి మిద్దెలో ఉండి, వానాకాలం ముందు మిద్దె మీద చౌడు పోయించుకోవడానికి కూలి డబ్బు లేనివాళ్లు. వాళ్లకు చెప్పేది "పింఛనే లేదు, సైనిక్ ఆఫీసులో నీకేం పని తాతా" అని. వాళ్లకే అక్కడ పని. హవల్దారు, అంతకు కింది ర్యాంకులో పింఛను లేకుండా వచ్చి, 65 దాటినవాళ్లకు, వాళ్లు పోతే భార్యలకు, నెలనెలా పేదరిక సాయం ఉంది. 4 వేలుండేదాన్ని 2025 నవంబరు 1 నుంచి పెట్టే దరఖాస్తులకు 8 వేలు చేశారు. దానికి డిశ్చార్జి పుస్తకం, కర్నూలు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో నమోదు కావాలి. పెద్దాయన ఒక్కడే కర్నూలు బస్సెక్కలేడు. పక్కింటి కుర్రాడు వెంట పోవాలి, ఆన్‌లైన్ దరఖాస్తు నింపిపెట్టాలి.

ఇక అగ్నివీరులు. నాలుగేళ్లకు నలుగురిలో ముగ్గురు తిరిగొస్తారు, చేతిలో దాదాపు 11.71 లక్షల సేవా నిధితో. వాళ్లకు పింఛను లేదు, మాజీ సైనికుల హోదా లేదు. ఆ డబ్బు వాసనకు ఎమ్మిగనూరు రోడ్డు వెంచర్ల ఏజెంట్లు ఇంటికే వస్తారు, "తమ్ముడూ, ప్లాటు కొను, ఐదేళ్లకు రెట్టింపు" అని. తమ్ముడూ, లేఅవుట్ అనుమతి కాగితం చూపించేదాకా అడ్వాన్సు ఇవ్వొద్దు. సగం డబ్బు అమ్మానాన్నలున్న ఇంటి పైకప్పుకు, చదువుకు ఉంచుకో. మీ నాన్న అసైన్డ్ పొలం పట్టా ఎవరి దగ్గరైనా తాకట్టులో ఉంటే ముందు దాన్ని విడిపించు.