చేతులు కట్టుకుని, చేత్తో నేర్చుకో!

చరిత్రను చేత్తో ముట్టుకుని నేర్పిస్తారట. ప్రైవేటు బడి సర్క్యులర్‌లో అలాగే అచ్చేశారు. 'హ్యాండ్స్ ఆన్ లెర్నింగ్' పేరిట మ్యూజియం ట్రిప్పు. టీషర్టు, టోపీ, స్నాక్స్, సర్టిఫికెట్ అన్నీ కలిపి ఒకటే ఫీజు. కట్టనివాళ్ల పిల్లలు ఆ రోజు లైబ్రరీలో కూర్చోవచ్చట. మన పిల్లాడొక్కడే చరిత్రహీనుడైపోతాడేమోనన్న భయంతో అందరూ కడతారు.

బస్సు దిగగానే మొదటి పాఠం: "చేతులు వెనక్కి కట్టుకోండి." రెండోది: "నోటి మీద వేలు." ఈ రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయని అడిగేవాణ్ణి లైను చివరికి పంపిస్తారు. మిగిలినవాళ్లు ఒక చెయ్యి వీపు మీద, ఒక వేలు పెదవి మీద పెట్టుకుని శతాబ్దాల్లోకి అడుగుపెడతారు.

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో మేలిముసుగు రెబెకా ఉంది కదా. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన పాలరాతి బొమ్మ. ముసుగు కూడా రాయేనని తెలిసినా కంటికి మాత్రం పల్చటి గుడ్డలాగే కనిపిస్తుంది. దాని ముందు నిలబడ్డ ఎనిమిదేళ్ల పిల్లకు ఒక్కసారి వేలితో తాకి చూడాలనిపించకపోతే ఆ శిల్పి ఓడిపోయినట్టే. తాకబోతే కాపలాదారు కేకేస్తాడు. ఆయన తప్పేం లేదు, వచ్చినవాళ్లందరి చెమట చేతులూ పడితే ఆ తెల్లరాయి తెల్లగా ఉండదు. అసలు ఈ మొత్తం వ్యవహారంలో అబద్ధమాడనివాడు ఆయనొక్కడే. ముట్టుకోవద్దని బోర్డు పెట్టారు, ముట్టుకోనివ్వడం లేదు. ముట్టుకోవచ్చని చెప్పి డబ్బు పుచ్చుకున్నది వేరేవాళ్లు.

పిల్లలు కాస్సేపు ఆగి చూసేది అక్కడి గడియారాన్నే. గంటగంటకూ ఒక బొమ్మ టైముకు బయటికొచ్చి, తనకు చెప్పిన పని చేసి, లోపలికి పోతుంది. ట్రిప్పు నమూనా బడులవాళ్లకు అక్కడే దొరికిందేమో.

తిరిగొచ్చాక వర్క్‌షీటు. "ఈ రోజు మీరు చేత్తో తాకిన మూడు వస్తువుల పేర్లు రాయండి." నిజాయితీగల పిల్ల ఏం రాయాలి? రెయిలింగు, వాటర్ బాటిలు, ముందు నడిచినమ్మాయి జడ. అలా రాస్తే మార్కులు పడవు గనుక టీచరు బోర్డు మీద జవాబు రాసేస్తారు, నలభై మందీ ఒకే అనుభవాన్ని నలభై సార్లు ఎక్కించుకుంటారు. టీచర్లను అనేం లాభం? పిల్లల తలలు లెక్కపెట్టుకోవడానికే వాళ్ల రోజు చాలదు.

2020 జాతీయ విద్యా విధానం చదివారా? ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలు ఓ పది రోజులు సంచి మొయ్యకుండా ఊళ్లోని వడ్రంగి, తోటమాలి, కుమ్మరి లాంటివాళ్ల దగ్గర పని నేర్చుకోవాలని అందులో ఉంది. మనవాళ్లు సంచి వరకు అమలుచేశారు. కుమ్మరి దగ్గరికి పిల్లలు వెళ్లరు, కరెంటు సారె ఒకటి అద్దెకు వస్తుంది. ఒక్కొక్కరికి అర నిమిషం. చేతులకు మట్టి అంటిందా? ఫొటో. ఆ వెంటనే శానిటైజరు.

సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌కు తీసుకెళ్లండని ఎవరైనా సలహా ఇచ్చి చూడండి. "కొండాపూరా? మొన్న సినిమాకు అక్కడికే వెళ్లాం కదా!" అంటారు. ఇది హైటెక్ సిటీ పక్కనుండే కొండాపూర్ కాదు మహాప్రభో! నిజాం కాలంలో, 1940 ప్రాంతంలో తవ్వితే శాతవాహనుల నాటి సీసపు నాణేలు, పూసలు, మట్టిబొమ్మలు బయటపడ్డ ఊరు. దొరికిన చోటే చిన్న మ్యూజియమూ ఉంది. ఆ మట్టిలో నిలబడి పాఠం చెప్పొచ్చు. కానీ దారిలో వాటర్ పార్కు ఉందా అన్నది మొదటి ప్రశ్న కాబట్టి చర్చ అక్కడే ముగుస్తుంది.

నిజంగా చేతులకు పని చెప్పాలంటే శాసనం అచ్చు తీయించండి. రాయిని బ్రష్షుతో, నీళ్లతో కడగాలి. తడిపిన కాగితం దాని మీద పరచాలి. కాగితం అక్షరాల గుంతల్లోకి దిగేదాకా గట్టి బ్రష్షుతో కొట్టాలి. కాస్త ఆరాక సిరా ముంచిన గుడ్డ మెత్తతో మెల్లగా అద్దుకుంటూ పోవాలి. కాగితమంతా నల్లబడి అక్షరాలు మాత్రం తెల్లగా తేలతాయి. మన ఊళ్ల చరిత్రలో చాలా భాగం పుస్తకాల్లోకెక్కింది ఇలా తీసిన కాగితాల వల్లనే. అసలు రాయిని పిల్లలకు అప్పగించమనడం లేదు. సిమెంటుతో పోసిన నకలు పలక, కాగితం, సిరా ఉంటే చాలు. ఆ టీషర్టుకయ్యే ఖర్చు కూడా కాదు. ఇబ్బందల్లా ఏమిటంటే పిల్లల వేళ్లు నల్లబడతాయి, మధ్యాహ్నమంతా గడిచిపోతుంది, ఫొటోలో అందరి వీపులే పడతాయి.

అయినా అసలు రాళ్ల మీద మనవాళ్ల చేతులు పడుతూనే ఉన్నాయి లెండి. గుడి మంటపంలో శాసన స్తంభం ఉంటే ఉత్సవాలకు ముందు కమిటీవారు దానికి ఎనామిల్ పెయింటు కొట్టిస్తారు. చెరువు గట్టున పడి ఉంటే బట్టలు ఉతుకుతారు. కొడవలి నూరుకోవడానికీ పనికొస్తుంది. ఇంత హ్యాండ్స్ ఆన్ ఏ దేశంలో ఉంది?

వచ్చే ఏడాది సర్క్యులర్ ఎలా ఉంటుందో ఊహించడం కష్టమేమీ కాదు. కళ్లకు వీఆర్ పెట్టె కట్టి, శాతవాహనుల కుండను క్లాసురూములోనే గాలిలో పట్టుకోనిస్తారు. చేతులు కట్టుకోమనే బాధ ఉండదు, కాపలాదారు కేకలుండవు, బస్సు అవసరమే రాదు. బస్సు చార్జీ మాత్రం ఫీజులో కలిపే ఉంటుంది.