లక్క ఇల్లు

గోడంటే ఇటుకా సిమెంటూ అని నమ్మి బతికినవాళ్ళకి చెక్క గోడ చూపించి ఇదీ గోడేనని ఒప్పించడం కష్టం. మా మామయ్యగారు విజిటర్ వీసా మీద ఇంగ్లండ్‌లో మేముండే రీడింగ్ ఊరికి వచ్చిన కొత్తలో, పెరట్లో మేం కొత్తగా వేయించిన గది గోడని వేలి కణుపుతో టకటకా కొట్టి, "బావుంది అల్లుడుగారూ, ప్లాస్టరింగ్ ఎప్పుడు?" అన్నారు. దీనికి ప్లాస్టరింగ్ ఉండదండీ, గోడ ఇంతేనన్నాను. "ఓహో, ఇంకా ప్యాకింగు విప్పలేదేమో అనుకున్నా" అన్నారు.

అత్తయ్యగారి దిగులు వేరు. చెదలు పట్టదా అని. ఈ దేశంలో చెదపురుగు లేదనీ, డెవన్‌లో ఒకచోట కనబడితే ప్రభుత్వం ఏళ్ళ తరబడి వెంటపడి నిర్మూలించిందనీ చెప్పాను. ఆవిడ ముక్కున వేలేసుకున్నారు. "మా ఊళ్ళో బీరువాలో దస్తావేజులు మొత్తం తినేసినా అడిగిన నాథుడు లేడు. ఒక్క పుట్టకి ఇంత గవర్నమెంటా!"

ఇక్కడ సరిహద్దుకి 2 మీటర్లలోపు కట్టే పెరటిగది ఎత్తు 2.5 మీటర్లు దాటకపోతే మామూలుగా కౌన్సిల్ అనుమతి అక్కర్లేదు. ఇంట్లోవాళ్ళ అనుమతుల గురించి మాత్రం ఆ నిబంధనల్లో ఒక్క ముక్క లేదు. గోడల్ని అలాగే వదిలేద్దామని నా పక్షం. గ్రేట్ మిసెండెన్‌లో రోల్డ్ డాల్ రాసుకున్న గుడిసెలో గోడలకి థర్మోకోల్ ముక్కలు అంటించి ఉండేవి, అవి సిగరెట్ పొగకి పసుపెక్కాయి కూడా, అయినా ఆ కుర్చీలోంచే పిల్లల పుస్తకాలు పుట్టాయి కదా అని ఉదాహరణ చూపించాను. "ఆయన రాశాడు. మీరు రాసేలోగా రంగు వేయించండి" అంది మా ఆవిడ. ఇలాంటివాటికి జవాబుండదు.

తీరా రంగు వెయ్యాలంటే ఆ చెక్క అంత సాధువేం కాదు. పైన్ పలకలు. ఒకదాని అంచున నాలిక, పక్కదాని అంచున గాడి, ఒకదాన్లోకి ఒకటి దూరి కూర్చుంటాయి. దూరం నుంచి నున్నగా, అమాయకంగా ఉంటుంది. దగ్గరికెళ్తే ఒంటినిండా ముడులు. ఒక్కో ముడి పక్కన గుండుసూది తలంత తేనెరంగు బొట్టు మెరుస్తుంటుంది. గోటితో గిల్లితే సన్నగా తీగ సాగి వేలికి పట్టుకుంటుంది, సబ్బుకి లొంగదు. వాసన అచ్చం గుగ్గిలమే. దీనిమీద నేరుగా తెల్లరంగు వేస్తే కొన్నాళ్ళకి ముడి ఉన్నచోటల్లా పసుపుపచ్చ మరక పైకి తేలుతుంది. ఇంకో పూత వేస్తే ఆ పూతలోంచీ తేలుతుంది. అందుకని ఇక్కడి పెయింటర్లు ముందుగా ముడుల మీద నాటింగ్ అని ఒకటి పల్చగా రాస్తారు. అది మరేం కాదు, స్పిరిట్‌లో కరిగించిన లక్క. జార్ఖండ్ అడవుల్లో మోదుగ కొమ్మల మీదా రేగు కొమ్మల మీదా పురుగులు పెట్టే లక్క. మన ఏటికొప్పాక బొమ్మలకి ఆ నిగనిగ వచ్చేదీ లక్కతోనే.

ఇంత విజ్ఞానం నా దగ్గరే దాచుకోలేక కాఫీ వేళ బయటపెట్టాను. అత్తయ్యగారి గ్లాసు సగంలో ఆగిపోయింది.

"ఇంటికి లక్క పూస్తారా? అలా పూసినవాడు భారతంలో ఒక్కడే. పురోచనుడు!"

మామయ్యగారు వేళ్ళు ముడిచి లెక్క మొదలెట్టారు. లక్క ఉంది. గుగ్గిలం కూడా ఉంది. ఇక నెయ్యీ నూనే తక్కువ. తర్వాత నావైపు తిరిగి, ఎంతో మర్యాదగా, "సొరంగం తవ్వించారా అల్లుడుగారూ?" అన్నారు.

అవిసె నూనె టిన్ను అప్పటికే మెట్ల కింద ఉంది. నేను ఆ ఊసెత్తలేదు.

రంగు ఎంచడం మా ఆవిడ శాఖ. ఫారో అండ్ బాల్ వాళ్ళ రంగుల కార్డు తెచ్చింది. అందులో ఒక బూడిద రంగు పేరు ఎలిఫెంట్స్ బ్రెత్, అంటే ఏనుగు ఊపిరి. ఇంకోటి మౌసెస్ బ్యాక్, ఎలుక వీపు. మరోటి డెడ్ శామన్. చచ్చిన చేప రంగు గోడకి వేసి, అదే గోడకి దేవుడి పటం పెట్టేది లేదని అత్తయ్యగారు తేల్చేశారు. మిగతా పేర్లకి మాత్రం ఆవిడ ఏమాత్రం చలించలేదు. ఉల్లిపొర, నెమలికంఠం, వంకాయ, కనకాంబరం అంటూ జీవితమంతా చీరల కొట్లో బేరాలాడిన మనిషికి ఏనుగు ఊపిరి ఒక లెక్కా? "కొంచెం లేత ఊపిరి లేదుటే?" అని కూతుర్ని అడిగారు.

చెక్కకి మరో గుణం ఉంది. తేమకి ఉబ్బుతుంది, చలికాలం హీటరు పెడితే ముడుచుకుంటుంది. ముడుచుకున్నప్పుడు నాలికలు కాస్త బయటికొస్తాయి. పలకలు బిగించాకే రంగు వేసి ఉంటే, ప్రతి సందులోనూ రంగు తగలని పచ్చి చెక్క గీతలా కనబడుతుంది. బిగించకముందే నాలికకి కూడా రంగు వెయ్యడం దీనికి మందు. వాల్‌పేపర్ అంటిస్తే ఆ సందుల వెంబడే చిరుగుతుంది. తెలుగు పెళ్ళిళ్ళలో వియ్యాలవారికి చేసే మర్యాదల్లో సగం చేస్తే చాలు, చెక్క అలగకుండా ఉంటుంది.

చివరికి మూడు గోడలకి ఏనుగు ఊపిరి, నాలుగోది నా వాటా అని సంధి కుదిరింది. నా గోడకి ఉత్త అవిసె నూనె. గుడ్డతో రాసి, ఇంకనిచ్చి, పైన తేలింది తుడిచేస్తే, పలకలో దాక్కున్న చారలన్నీ ఒక్కసారి పైకొచ్చి నిలబడతాయి. ఏ కంపెనీ కార్డులోనూ ఆ రంగు లేదు. ఒక్కటే జాగ్రత్త. ఆ నూనె గాలికి ఆరేటప్పుడు వేడి పుడుతుంది. నూనె గుడ్డల్ని ఉండచుట్టి పడేస్తే ఆ వేడి లోపలే పెరిగి, అగ్గిపుల్ల అక్కర్లేకుండా వాటంతటవే అంటుకుంటాయి. విడదీసి బయట ఆరెయ్యాలి.

నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి అత్తయ్యగారు ఆ గుడ్డలన్నీ చక్కగా మడతలు పెట్టి, ఒకదానిమీద ఒకటి పేర్చి, మూలన సర్దుతున్నారు.

"మడతపెట్టకండి అత్తయ్యగారూ, అంటుకుంటాయి!"

ఆవిడ నన్నూ గుడ్డల్నీ గోడనీ మార్చి మార్చి చూశారు. "వాటంతటవేనా?"

"వాటంతటవే."

"ఏవండీ," అని ఇంట్లోకి కేకేశారు, "నూనె కూడా ఉందిట!"

ఆ తర్వాత గోడల అలంకారం పూర్తిగా ఆవిడ చేతుల్లోకి వెళ్ళింది. ముందు కనకదుర్గమ్మ పటం, దాని కింద అలమర కట్టించి కొండపల్లి దశావతారాలు, గుమ్మానికి ప్లాస్టిక్ మామిడి తోరణం. క్యాలెండర్‌కి మేకు నేనే కొడతానన్నాను, ఎందుకంటే మామయ్యగారు ఎంచిన మేకు పొడవుకి పలకా వెనకున్న దూదీ దాటి పక్కింటాయన గులాబీల దాకా వెళ్ళేది.

బెర్నార్డ్ షా తన పెరటి గుడిసెకి లండన్ అని పేరు పెట్టుకున్నాడు. ఎవరైనా వస్తే, అయ్యగారు లండన్‌లో ఉన్నారని ఇంట్లోవాళ్ళు నిక్షేపంగా చెప్పొచ్చు. దుర్గమ్మా కొండపల్లీ రెండూ ఉన్నాయి కాబట్టి మా గదికి విజయవాడ అని పెట్టాను. మొన్న శనివారం నేను లోపలుండగా ఫోన్ మోగితే మా ఆవిడ తీసి, తొణక్కుండా, "ఆయన విజయవాడలో ఉన్నారండీ" అంది.

"అరె, చెప్పనే లేదే! నేనిక్కడే బెంజిసర్కిల్లో ఉన్నా. లొకేషన్ పంపమనండి, భోజనానికి తీసుకెళ్తా."