మొగము జూచి బొట్టు

2013 ఫిబ్రవరి 21 సాయంకాలపు జంట పేలుళ్ల గాయమును నేటికిని మరువని దిల్‌సుఖ్‌నగరమున కెమెరా వలదనువాడెవ్వడు? అయినను, 2018లో టీఎస్‌కాప్ యాప్‌నందు ముఖమును పోల్చుకొను విద్యయు చేరి పోలీసుల చేతిఫోనులకెక్కగా, 2021 లాక్‌డౌన్ దినములలో నడివీథిని నిలిపి, మాస్కు తీయనన్నను తన ఫొటో తీసిరని నగరవాసి యొకరు హైకోర్టు నాశ్రయించిరి. యంత్రము పొరబడినచో దోషమెవ్వరిదను ప్రశ్నకు జవాబు మాత్రము ఇంకను ఏ కెమెరాకును చిక్కలేదు. ఇక దిల్‌సుఖ్‌నగరము నుండి ఎల్బీనగరము దాక మెట్రో నీడను వ్రేలాడు కోచింగ్ ఫలకములా, కృత్రిమ మేధను కరతలామలకము గావించెదమని ఘోషించుచున్నవి. పైథాన్ కలదు, ప్రాంప్టు కలదు, ప్లేస్‌మెంటు సరేసరి. నీతిశాస్త్రమునకు బ్యాచి యెప్పుడందురా? ఉచిత డెమోకైనను ఎవరును రారట!