మిగులు కంప్యూటర్ల విసర్జనాధికారి వారికి భావనపాడు విన్నపం

మహారాజశ్రీ సకల కంపెనీల మిగులు ఆస్తుల విసర్జనాధికారి వారి దివ్యసముఖానికి,

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం భావనపాడు తరఫున సమర్పించే విన్నపం ఏమనగా: చేపల వేట మీద బతికే ఊరు కంప్యూటర్ల సంగతి ఎత్తడం తమకు వింతగా తోచవచ్చు. కానీ ఈ ఊరి పేరుతో తలపెట్టిన ఓడరేవు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగేనాటికి మూలపేట పోర్టుగా మారిపోయింది కనుక, పేరు ఎలాగూ దక్కని ఊరు, ఆ రేవు కార్యాలయాలు రేపు వదిలించుకోబోయే కంప్యూటర్లైనా ఎవరికి దక్కుతాయో ముందుగానే విచారించుకోవడంలో తప్పు లేదు.

‘మిగులు’ అంటే పాడైనదని సామాన్యుల భ్రమ. 2013 నాటి కంపెనీల చట్టం రెండో షెడ్యూలు, తరుగుదల లెక్కించే నిమిత్తం, డెస్క్‌టాప్‌కూ ల్యాప్‌టాప్‌కూ మూడేళ్ల ఆయుర్దాయాన్ని, సర్వర్లకు ఆరేళ్లను నిర్ణయించింది. ఆ గడువు తీరాక యంత్రం యథాప్రకారం పనిచేస్తూనే ఉన్నా ఖాతా పుస్తకంలో దాని విలువ అట్టడుగుకు చేరుతుంది. దీనికి తోడు 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10కు సాధారణ మద్దతును ఆపివేయగా, విండోస్ 11 కోరే భద్రతా చిప్పు గానీ ప్రాసెసరు గానీ లేని యంత్రాలు, లినక్స్ వేసుకుంటే ఇంకా కొన్నేళ్లు నడిచేవే అయినా, ఒక్కసారిగా మిగులు జాబితాకు ఎక్కాయి. వేటకు పనికిరాని వలను పెరటికి కంచెగా కట్టుకునే తీరవాసులకు ఈ తర్కం అంత తేలిగ్గా అందదు.

ఇలా మిగిలిన యంత్రాలను లాట్లుగా కట్టి తుక్కు వ్యాపారికి తూకం లెక్కన అప్పగించడానికి తమకు అభ్యంతరం ఉండదు గానీ, వాటి ముందు నాలుగేళ్లు కూర్చున్న ఉద్యోగి ఒకటి కొనుక్కుంటానంటే మాత్రం చట్టం గుర్తుకొస్తుంది. ఆ చట్టం 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిర్వహణ నియమావళి. ఏడాదిలో ఎప్పుడైనా వెయ్యికి తగ్గకుండా విద్యుత్, ఎలక్ట్రానిక్ పరికరాలు వాడిన సంస్థను అది భారీ వినియోగదారుగా గుర్తించి, తన ఈ-వ్యర్థాలను నమోదైన ఉత్పత్తిదారుకో, మరమ్మతు చేసి తిరిగి వాడుకలోకి తెచ్చే సంస్థకో, రీసైక్లర్‌కో మాత్రమే ఇవ్వాలని శాసిస్తుంది. అయితే ఆ నియమావళి ప్రకారమే ఈ-వ్యర్థమంటే వ్యర్థంగా పారేసిన పరికరం. పనిచేస్తున్న యంత్రాన్ని వాడుకోవడానికే అమ్మితే అది పారేయడం ఎలా అవుతుందో తమరే సెలవియ్యాలి.

రెండో అభ్యంతరమైన సమాచార భద్రత నిజంగా బరువైనదే. ఫైలును తొలగించినంత మాత్రాన డిస్కులోంచి సమాచారం పోదు, దాని చిరునామా మాత్రమే చెరిగిపోతుంది. కనుక డిస్కునంతటినీ తిరగరాయడమో, గుప్తీకరించిన సమాచారానికి తాళంచెవి వంటి సంకేతాన్ని చెరిపివేయడమో, అదీ కుదరకపోతే డిస్కునే ముక్కలు చేయడమో అవసరం. కానీ ఈ విషయంలో అపఖ్యాతి పాలైన అమెరికా ఆర్థిక సంస్థ మోర్గాన్ స్టాన్లీ ఉదంతంలో, సమాచారం చెరిపే అనుభవం బొత్తిగా లేని సామాను తరలింపు సంస్థకు పని అప్పగించడం వల్లనే ఖాతాదారుల వివరాలు చెరగని పరికరాలు ఆన్‌లైన్ వేలానికి చేరాయి, 2022లో అమెరికా నియంత్రణ సంస్థ 3.5 కోట్ల డాలర్ల జరిమానా విధించింది. తుక్కు వ్యాపారి మీద ఉన్న నమ్మకం సొంత ఉద్యోగి మీద లేకపోవడానికి ఈ ఉదంతం సాక్ష్యమివ్వదు.

ధర విషయంలో తమరు శ్రమపడనక్కరలేదు. యజమాని తన కంప్యూటరును ఉద్యోగికి బదలాయిస్తే పన్ను నిమిత్తం దాని విలువ ఏటా సగానికి తగ్గుతుందని 1962 నాటి ఆదాయపు పన్ను నియమాలే లెక్క కట్టాయి. ఆ లెక్కన అరవై వేల ల్యాప్‌టాప్ నాలుగు పూర్తి సంవత్సరాలకు 3,750 రూపాయలకు దిగుతుంది. కేంద్ర ఆర్థిక శాఖ సైతం 2023 జూలైలో, ఉప కార్యదర్శి, ఆపై హోదాల అధికారులు తమకిచ్చిన ల్యాప్‌టాప్‌ను నాలుగేళ్ల తర్వాత, సమాచారమంతా చెరిపించి, సొంతానికి ఉంచుకోవచ్చన్నది. పెద్ద అధికారి చేతిలో భద్రంగా ఉండే యంత్రం గుమాస్తా చేతిలో ప్రమాదకరమవుతుందని ఏ ఇంజనీరూ నిరూపించలేదు.

తమరు చెప్పని అభ్యంతరమే, నిజానికి, అన్నిటికన్నా గట్టిది: యంత్రం పాతబడిందని ధ్రువీకరించే ఐటీ విభాగం వారే దాన్ని కొనేవారైతే, నిరుడు కొన్న యంత్రం కూడా ఈ ఏడాదే ముసలిదైపోతుంది. అందువల్ల ధ్రువీకరణను వేరే విభాగానికి అప్పగించి, ఒకే ధర ప్రకటించి, ఎవరికి ఏ యంత్రమో లాటరీలో తేల్చి, అమ్మాక మరమ్మతు బాధ్యత కంపెనీది కాదని రాయించుకోవడం అవసరం. అది ఒక పూట పని.

కావున, మూలపేట రేవులో మొదటి కంప్యూటరు కొనే నాడే దాని విసర్జన పద్ధతిని కూడా రాసిపెట్టాలనీ, అందులో మొదటి అవకాశం దాన్ని వాడిన ఉద్యోగికి, కాంట్రాక్టు గుమాస్తాతో సహా, రెండోది చుట్టుపక్కల ప్రభుత్వ బడులకు ఇచ్చి, ఎవరికీ పనికిరానిదాన్నే నమోదైన రీసైక్లర్‌కు పంపాలనీ భావనపాడు కోరుతున్నది. చిత్తగించవలెను.