బైపాస్ ఫిల్టరు బిగించేవాళ్లకు తలకిందుల సలహాలు

బాగా నడుస్తున్న బండికే బైపాస్ ఆయిల్ ఫిల్టరు బిగించండి. షెడ్డుల్లో చెప్పేది దీనికి పూర్తిగా ఎదురు. మదనపల్లెలో గానీ పుంగనూరులో గానీ మేస్త్రీ దగ్గర కాసేపు కూర్చుంటే వినబడే మాట ఇది: "అన్నా, బండి ఆయిలు తింటా ఉండాది, పొగ కొడతా ఉండాది. ఒక బైపాస్ ఫిల్టరు ఏపిచ్చు, సరిపోతాది." సరిపోదు. ఫిల్టరు అరుగుదలను తగ్గిస్తుందే గానీ అరిగిపోయిన రింగులను మళ్లీ మొలిపించదు. పైగా బేరింగులు వదులైన ఇంజిను వేడెక్కి ఐడిలింగులో ఉన్నప్పుడు ఆయిల్ ప్రెషరు అసలే అంతంతమాత్రం. అందులోంచి ఇంకో పాయ తీసి పక్కకు మళ్లిస్తే బేరింగులకు అందేది ఇంకా తగ్గుతుంది. అందుకే ముందు ఒక ప్రెషర్ గేజి తెచ్చి, లోడు దించి వచ్చిన వేడి ఇంజినుకు తగిలించి, ఐడిలింగులో ఎంత చూపిస్తుందో రాసుకోండి. కంపెనీ చెప్పిన కనీస ప్రెషరుకు దగ్గర్లో ఉంటే ఫిల్టరు ఆలోచన మానేసి ఆ డబ్బు బోరు పనికి దాచుకోండి. కొత్త బండికీ, కొత్తగా బోరు చేయించి రన్నింగ్‌ఇన్ పూర్తయిన బండికీ ఈ ఫిల్టరు పనికొచ్చినంతగా దేనికీ పనికిరాదు.

ఈ వ్యాసంలో సలహాలన్నీ ఇలా తలకిందులుగానే వినిపిస్తాయి. అన్నీ నమ్మి చెబుతున్నవే. లారీ అంటే ఒక ఇంటి అప్పు, ఒక ఇంటి తిండి. తప్పుడు సలహాతో ఇంజిను పోగొట్టుకున్న మనిషికి నష్టపరిహారం ఇచ్చేవాళ్లెవరూ ఉండరు.

అసలు బైపాస్ ఫిల్టరు చేసే పని ఏమిటో చూద్దాం. బండితో వచ్చే ఆయిల్ ఫిల్టరు గుండా పంపు తోసే ఆయిలంతా వెళ్లాలి. అంత ఆయిలు అడ్డు లేకుండా సాగాలి కాబట్టి దాని కాగితం సన్నగా వడకట్టలేదు. 20 నుంచి 40 మైక్రాన్ల మీది రేణువులను పట్టి, చిన్నవాటిని చాలావరకు వదిలేస్తుంది. ఇసుక జల్లెడలో సిమెంటు ఆగనట్టే. బేరింగుకూ షాఫ్టుకూ మధ్య ఆయిలు పొర మందం చాలాచోట్ల కొద్ది మైక్రాన్లే. ఆ పొరలో ఇరుక్కుని లోహాన్ని గీకేవి సరిగ్గా ఆ కొలతలోని రేణువులు. 1988లో జనరల్ మోటార్స్‌కు చెందిన ఏసీ స్పార్క్ ప్లగ్ విభాగం నుంచి వచ్చిన ఒక అధ్యయనం ఈ సంగతిని అంకెల్లో పెట్టింది. 40 మైక్రాన్ల ఫిల్టరుతో పోలిస్తే 30 మైక్రాన్లదానితో ఇంజిను అరుగుదల సగానికి, 15 మైక్రాన్లదానితో దాదాపు 70 శాతం తగ్గింది. బైపాస్ ఫిల్టరు ఇంకా కిందికి, 2 నుంచి 5 మైక్రాన్ల దాకా పోతుంది. మొత్తం ఆయిలులో పదో వంతో అంతకన్నా తక్కువో తీసుకుని, నింపాదిగా వడకట్టి, బేరింగుల వైపు పంపకుండా నేరుగా ఇంజిను అడుగున ఆయిలు నిలిచే చాంబరులోకి వదులుతుంది. ఇదేం కొత్త వింత కాదు. 1920ల్లో అమెరికాలో కార్లకు వచ్చిన ప్యూరొలేటర్ ఫిల్టర్లు ఈ పద్ధతివే. ఆయిలంతా వడకట్టే ఫిల్టర్లు వాడుకలోకి వచ్చింది ఆ తర్వాతే.

ఆయిలు వెళ్లే దారిని ఇరుకుగానే ఉంచండి. ఫిల్టరు డబ్బాతోపాటు సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్ల బెజ్జం ఉన్న చిన్న జెట్టు వస్తుంది. "ఇంత సన్న బెజ్జంలో ఏం పోతాది" అని డ్రిల్లుతో పెద్దది చేసే చేతులు చాలా ఉన్నాయి. ఆ చెయ్యి పట్టుకుని ఆపండి. నిమిషానికి 2 లీటర్లే వెళ్లినా, 16 లీటర్ల చాంబరుకు సరిపడా ఆయిలు 8 నిమిషాల్లో ఫిల్టరు దాటుతుంది. మదనపల్లె యార్డులో టమోటా ఎత్తుకున్న లారీ చెన్నై చేరేలోపు ఇది ఎన్నిసార్లు జరుగుతుందో లెక్కేసుకోండి. తొందర అక్కర్లేదు. బెజ్జం పెద్దదైతే ఫిల్టరు బాగా వడకట్టేదేమీ ఉండదు, బేరింగుల ప్రెషరు మాత్రం పడిపోతుంది. ఆ జెట్టు కూడా ఫిల్టరు దగ్గర కన్నా ఇంజిను నుంచి ఆయిలు తీసే టీ జాయింటు దగ్గరే ఉండాలి. అప్పుడు మధ్యలో హోసు పగిలినా ఆయిలు సన్నగా కారుతుంది, డ్రైవరు చూసుకునే వ్యవధి దొరుకుతుంది. జెట్టు అవతలి కొసన ఉంటే పంపు చాంబరునంతా రోడ్డు మీదికి తోడేస్తుంది.

ఇక అందరికీ కోపం తెప్పించే సలహా. ఫిల్టరు బిగించాక ఆయిలు మార్చే గడువు పెంచకండి. అమ్మేవాళ్లు చెప్పేది ముఖ్యంగా ఈ లాభం గురించే కదా, ఇక బిగించడం దేనికి అంటారు. ఆయిలు పాడయ్యేది మురికితో ఒక్కటే కాదు. డీజిలు మండినప్పుడు పుట్టే ఆమ్లాలను విరిచే మందు ఆయిలులో ఉంటుంది, అది ఖర్చయిపోతుంది. రింగుల పక్కనుంచి జారిన డీజిలు ఆయిలును పలచన చేస్తుంది. ఏ ఫిల్టరూ ఖర్చయిన మందును తిరిగి పుట్టించలేదు, కలిసిపోయిన డీజిలును విడదీయలేదు. పెద్ద ఫ్లీట్లు గడువు పెంచుతాయి, నిజమే. అవి ఆయిలు నమూనాను ల్యాబుకు పంపి, రిపోర్టు చూసి పెంచుతాయి. ఒకటి రెండు బండ్ల ఓనరు రిపోర్టు లేకుండా పెంచితే అది పందెం. ఈ ఫిల్టరు ఖర్చును ఆయిలు డబ్బాల మీద రాబట్టుకోవాలని చూడకండి. అది తిరిగొచ్చేది బోరు పని ఆలస్యం కావడంలో, క్రాంకు గ్రైండింగు తప్పడంలో.

ఇక్కడే మన ప్రాంతపు తేడా ఒకటి గమనించాలి. తోటలో క్రేట్లు ఎత్తి యార్డులో దించే పికప్‌కు ఈ ఫిల్టరు దండగ. ఆ ఇంజిను నాలుగు మైళ్లు నడిచి ఆగుతుంది, క్యూలో ఐడిలింగులో ఉంటుంది, మళ్లీ నాలుగు మైళ్లు. ఆయిలు పూర్తిగా వేడెక్కదు, అందులో చేరిన తేమ ఆవిరైపోదు, డీజిలు మిగిలిపోతుంది. దాని జబ్బుకు మందు తొందరగా ఆయిలు మార్చడమే. అదే టమోటాతో ఢిల్లీకో కోల్‌కతాకో పోయే లారీకి, గంటల తరబడి ఒకే వేడి మీద తిరిగే ఇంజినుకు, బైపాస్ ఫిల్టరు పెట్టిన ప్రతి రూపాయికీ పని చూపిస్తుంది. గ్రానైటు ఫ్యాక్టరీల్లో రాత్రింబవళ్లు నడిచే జనరేటర్ల సంగతీ అంతే. కదలని ఇంజిను కాబట్టి బిగించడం కూడా సులువు.

కుప్పం వైపు క్వారీల్లో తిరిగే టిప్పరు ఓనర్లకు ఇంకో మాట. ఆయిల్ ఫిల్టరు కొనడానికి వచ్చినవాళ్లు ముందు గాలి ఫిల్టరు దగ్గర ఆగండి. మసిని, ఇంజిను తన లోపల అరగదీసుకున్న పొడిని పక్కన పెడితే, ఆయిలులోకి చేరే రాతి దుమ్ములో ఎక్కువ భాగం గాలి దారిలోనే వస్తుంది. గ్రానైటులోని క్వార్ట్జు మామూలు ఇనుము కన్నా గట్టిది. చిట్లిన రబ్బరు హోసు, వదులైన క్లాంపు, సీటు మీద సరిగా కూర్చోని ఫిల్టరు ఉంటే, పైనుంచి దుమ్ము పోస్తూ కింద వడకట్టుకుంటున్నట్టు అవుతుంది. గాలి ఫిల్టరును కంప్రెసరు గాలితో ఊది ఊది వాడకండి. ఆ గాలి పోటుకు కాగితం చిరుగుతుంది, చిరిగింది కంటికి కనబడదు. క్వారీ బండికి ఆయిలు గడువును కిలోమీటర్లతో లెక్కించడం కూడా పొరపాటే. రోజంతా తిరిగినా మీటరు మీద పెరిగేది కొంచెమే. ఇంజిను తిరిగిన గంటలు రాసిపెట్టుకోండి.

ఆయిలు నల్లగా ఉందని బెంగపెట్టుకోకండి. మసి ఒకచోట గడ్డకట్టకుండా ఆయిలంతా పరుచుకునేలా చూసే మందు అందులో ఉంటుంది. నలుపు ఆ మందు పనిచేస్తోందనడానికి గుర్తు. విడివిడి మసి రేణువు మైక్రానులో పదో వంతు కూడా ఉండదు కాబట్టి బైపాస్ ఫిల్టరుకూ చిక్కదు. అవి గుంపులు కట్టి పెరిగినప్పుడే చిక్కుతాయి. ఫిల్టరు బిగించాక ఆయిలు తేనెరంగులో ఉంటుందని ఎవరైనా అంటే నమ్మకండి, లేదని మేస్త్రీతో తగాదా పెట్టుకోకండి. వేళ్ల మధ్య రుద్ది చూసే అలవాటు మానుకుని, డిప్‌స్టిక్కు నుంచి ఒక వేడి చుక్కను బ్లాటింగు కాగితం మీద వేసి గంటసేపు వదలండి. నలుపు అంచులదాకా మెల్లగా పలచబడుతూ పాకితే ఆయిలుకు ఇంకా ఓపిక ఉంది. నడిమధ్య చిక్కటి మచ్చగా ఉండిపోయి అంచు తెగినట్టుంటే గడువు రాకపోయినా మార్చేయండి.

బిగించేటప్పుడు టెఫ్లాన్ టేపు చుట్టకండి. ఒక పోగు చాలు, ఊడి ఆ సన్నటి జెట్టులో అడ్డం పడి ఫిల్టరును పేరుకే మిగులుస్తుంది. రాగి వాషరు, మంచి మర ఉంటే టేపు అవసరమే రాదు. ఆయిల్ ప్రెషర్ స్విచ్చి ఉన్నచోట టీ జాయింటు పెట్టి, స్విచ్చిని కూడా అందులోనే నిలపండి. నీళ్ల పైపు, డీజిలు పైపు వాడొద్దు. జేసీబీలకు హోసులు ప్రెస్సు చేసే కొట్లలో వేడి ఆయిలుకు తట్టుకునే హైడ్రాలిక్ హోసు చేయించుకోండి. అది టర్బోకూ సైలెన్సరు మానిఫోల్డుకూ దూరంగా పోవాలి. ఎర్రగా కాలిన టర్బో మీద ఆయిలు చిమ్మితే మంట పుడుతుంది. తిరుగుదారి చాంబరులో ఆయిలు మట్టానికి పైనే చేరాలి, ప్రెషరు లేకుండా ధారాళంగా పారాలి. డబ్బాను ఇంజిను మీద కాకుండా ఛాసిస్ మీద బిగించండి. ఇంజిను అదురుకు బ్రాకెట్టు విరుగుతుంది. క్యాబిను పైకెత్తి చూడకుండా హోసు పొడవు కొయ్యకండి.

బిగించాక హార్స్లీ హిల్స్ ఎక్కించి టెస్టు చేయమంటారు. వద్దు. 1265 మీటర్ల ఎత్తుకు పోయే ఆ మలుపుల దారి టూరిస్టు బస్సులకే ఇరుకు. హోసు ఊడిన లారీని ఆపుకునే చోటు కాదది. పైగా వాలులో చాంబరులోని ఆయిలు ఒక పక్కకు ఒరుగుతుంది, డిప్‌స్టిక్కు తప్పు చూపిస్తుంది. ముందు నిలబెట్టిన బండినే పావుగంట నడిపి ప్రతి జాయింటునూ తుడిచి చూడండి. డబ్బా నిండాక చాంబరులో ఎంత తగ్గిందో అంత ఆయిలు పోయండి. తర్వాత పుంగనూరు దాకా పోయి వచ్చి మళ్లీ చూడండి. గంట నడిచాక డబ్బాను జాగ్రత్తగా ముట్టుకుంటే ఇంజినంత వేడిగా ఉండాలి. చల్లగా ఉందంటే ఆయిలు పారడం లేదు: జెట్టు మూసుకుపోయి ఉండాలి, లేదా డబ్బాలోని వడపోత ఎలిమెంటు మురికితో నిండిపోయి ఉండాలి.

ఏదో ఒక డబ్బాలో టిష్యూ రోలు పెట్టి సొంతంగా చేసుకునే ఫిల్టర్ల జోలికి పోవద్దు. టాయిలెట్ రోలుతో పనిచేసే ఫ్రాంట్జ్ ఫిల్టరును అమెరికాలో అమ్మిన మాట నిజమే. కానీ దాని డబ్బా, మూత, సీలు ఆ పనికోసం కొలిచి చేసినవి. ఇంకొకటి, 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండి వారంటీలో ఉంటే, కంపెనీ సర్వీసు సెంటరు నుంచి కాగితం మీద ఒప్పుదల తీసుకోకుండా ఒక్క నట్టు కూడా విప్పొద్దు.

చివరగా, ఫిల్టరుతోపాటే దాన్ని తీసేసే సామాను కూడా కొనండి. టీ జాయింటు మరకు సరిపోయే ఇనుప ప్లగ్గు, ఒక రాగి వాషరు, దానికి పట్టే స్పానరు, 5 లీటర్ల ఆయిలు టూల్ బాక్సులో ఉండాలి. పలమనేరు దాటి మొగిలి ఘాట్‌లో రాత్రిపూట హోసు పగిలితే డ్రైవరు చేయాల్సింది ఇంతే: ప్రెషరు లైటు వెలగ్గానే ఇంజిను ఆపి, చల్లారనిచ్చి, హోసు విప్పి, ఆ చోట ప్లగ్గు బిగించి, డిప్‌స్టిక్కు చూసి ఆయిలు పోయడం. ఫిల్టరు లేకపోయినా బండి మామూలుగా నడుస్తుంది, టమోటా పొద్దుటికి మార్కెట్టు చేరుతుంది. బిగించిన రోజే డ్రైవరునూ క్లీనరునూ పిలిచి, వాళ్ల చేతులతోనే ఆ ప్లగ్గును ఒకసారి బిగించి విప్పించండి.